కెగరేటర్ కడగడం: రెండు వారాలకోసారి ముప్పావు గంట పని

"ఏం బావా, బీరులో మజ్జిగ గానీ కలిపావా?" అని మా బామ్మర్ది అడిగిన రోజు దాకా మా గ్యారేజీలో ఉన్న కెగరేటర్‌ని నేను ఒక్కసారి కూడా సరిగ్గా కడగలేదు. కెగరేటర్ అంటే బీరు పీపాని, అంటే కెగ్‌ని, లోపల చల్లగా ఉంచి, పైన కుళాయిలోంచి గ్లాసులో పట్టుకునే ఫ్రిజ్. కొని అప్పటికి ఏడు నెలలు. ఒక కెగ్ అయిపోగానే ఇంకోటి తెచ్చి తగిలించడం, అంతే. కింద ట్రే మాత్రం తుడిచేవాణ్ణి, అది కంటికి కనబడుతుంది కాబట్టి. ఆ రాత్రి అందరూ వెళ్లాక కుళాయి విప్పి లోపల వేలు పెడితే నల్లటి జిగురు వచ్చింది, వంటింటి సింకు గొట్టంలో పట్టే పాచి లాంటిది. అప్పటిదాకా అందరం తాగింది దాని మీదుగా వచ్చిన బీరే.

అమెరికాలో మనవాళ్ల ఇళ్లలో ఇప్పుడు ఈ మిషన్ బాగానే కనిపిస్తోంది. కొనేటప్పుడు లీటర్ల లెక్క, డాలర్ల లెక్క అన్నీ వేసుకుంటాం. కడగడం గురించి మాత్రం ఎవరూ అడగరు, అమ్మేవాళ్లూ చెప్పరు. మీ దగ్గర ఒక కుళాయి, ఒక కెగ్, బీరుని కుళాయి దాకా తోసే 5 పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ ఉన్న మామూలు కెగరేటర్ ఉంటే, ఇక్కడ చెప్పేవన్నీ ఉన్నవి ఉన్నట్టు చేసేయొచ్చు.

ముందు ఒక సంగతి అర్థం చేసుకుంటే మిగతా పని సులువు. చల్లగా ఉంచితే కెగ్‌లోని బీరు అంత తొందరగా పాడవదు. అది మూసిన డబ్బా, లోపల కార్బన్ డయాక్సైడ్ తప్ప గాలి ఉండదు. పాడయ్యేది కెగ్ నుంచి కుళాయి దాకా ఉన్న ఐదడుగుల ట్యూబులో, అరచేతిలో పట్టే ఆ కుళాయిలో. ట్యూబు లోపలి వెడల్పు అంగుళంలో 16వ వంతులు మూడు. లెక్క కడితే అందులో నిలిచే బీరు ఒక ఔన్సుకి మించదు. ఆ ఒక్క ఔన్సే మీరు మళ్లీ గ్లాసు పట్టేదాకా అక్కడే ఉంటుంది. కుళాయి బిగించి ఉన్న నిలువు స్తంభం, అంటే టవర్, ఫ్రిజ్ పైన ఉంటుంది కాబట్టి అక్కడ చల్లదనం తక్కువ, కుళాయి మూతికి బయటి గాలి తగులుతుంది. పెరుగు తోడుకునేటప్పుడు పని చేసే బ్యాక్టీరియా జాతికి దగ్గర చుట్టాలే ఇక్కడా చేరతాయి. పెరుగులో పులుపు కావాలి, బీరులో వద్దు, అంతే తేడా. బీరుకి వెన్న కాచిన వాసన వస్తున్నా సాధారణంగా ఇలాంటి బ్యాక్టీరియా పనే. వెనిగర్ వాసన వస్తే గాలి తగిలే చోట, అంటే కుళాయిలో, మురికి ఉందని అర్థం.

బార్లకి అమెరికాలో బీరు తయారీదార్ల సంఘం బ్రూయర్స్ అసోసియేషన్ చెప్పే లెక్క 14 రోజులకోసారి. ఇంట్లో రోజూ తాగం కదా, నెలకోసారి చాలదా అని నేనూ అనుకున్నాను. నిజానికి ఇది తిరగబడిన లెక్క. బార్‌లో ట్యూబులో బీరు గంటగంటకీ కదులుతూ ఉంటుంది, మన ఇంట్లో శనివారం నుంచి శనివారం దాకా కదలదు. అందుకని ఇంట్లో కూడా రెండు వారాలే పెట్టుకోండి. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోకపోతే మాత్రం ఖచ్చితంగా మర్చిపోతారు.

ఏమేం కావాలి

ఇంట్లో బీరు కాచుకునేవాళ్లకి సామాన్లు అమ్మే హోమ్‌బ్రూ షాపుల్లో చేత్తో పంపు కొట్టే క్లీనింగ్ సీసా దొరుకుతుంది. ఒక క్వార్ట్, అంటే 32 ఔన్సులు పడుతుంది. దాని గొట్టం చివర ఉన్న మర కుళాయి తీసేసిన చోట బిగుస్తుంది. దానితో పాటు కుళాయి విప్పే రెంచి, సన్నటి బ్రష్‌లు, బీర్ లైన్ క్లీనర్ అనే క్షారపు ద్రావణం, నీళ్లలో క్షారం మిగిలిందో లేదో రంగుతో చెప్పే పీహెచ్ పట్టీలు, రబ్బరు గ్లవ్స్, కళ్లద్దాలు తెచ్చుకోండి. బకెట్ ప్లాస్టిక్‌ది వాడండి. ఇంట్లో సత్తు గిన్నె ఉంది కదా అని అందులో కలపకండి. క్షారం అల్యూమినియాన్ని తినేస్తుంది, పైగా హైడ్రోజన్ వాయువు వస్తుంది.

గిన్నెలు తోమే సబ్బు ట్యూబులోకి పంపకండి. వాసన పోదు, నురగ చచ్చిపోతుంది. బ్లీచ్ అసలే వద్దు. అది స్టీలుని తింటుంది, పొరపాటున ఆమ్లంతో కలిస్తే విషవాయువు వస్తుంది.

క్లీనర్ కలిపేటప్పుడు ముందు నీళ్లు పోసి, ఆ నీళ్లలో మందు పోయండి. మందులో నీళ్లు పోయకూడదు. నేను వాడేదానికి క్వార్ట్ నీళ్లకి అర ఔన్సు. మీ సీసా మీద ఏ కొలత రాసి ఉంటే అదే వాడండి. ఇంకొంచెం పోస్తే ఇంకా శుభ్రమవుతుందనే వంటింటి లెక్క ఇక్కడ పనికిరాదు. నీళ్లు గోరువెచ్చగా, 80 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే చాలు. పిల్లల స్నానానికి కలిపే వేడి అనుకోండి. ఆ సీసా మాత్రం పిల్లలకి అందని చోట తాళం వేసి పెట్టండి. కంట్లో పడితే 15 నిమిషాలు ఆపకుండా నీళ్లతో కడిగి, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే.

పని మొదలు

ముందు సిలిండర్ వాల్వ్ మూసేయండి. తర్వాత కెగ్ నెత్తిన ఉన్న కప్లర్, అంటే గ్యాస్ గొట్టాన్నీ బీరు ట్యూబునీ కెగ్‌కి కలిపే ముక్క, తీయాలి. పిడిని బయటికి లాగి పైకెత్తండి, ఆ తర్వాత కప్లర్ మొత్తాన్ని గడియారం తిరిగే దిక్కుకి ఎదురుగా తిప్పి పైకి లేపండి. పిడి ఎత్తకుండా తిప్పితే మొహం మీద బీరు చిమ్ముతుంది, నా అనుభవం. ఇప్పుడు కుళాయి కింద గ్లాసు పెట్టి తెరిస్తే ట్యూబులో మిగిలిన కాస్త బీరూ కారిపోతుంది.

కప్లర్ మీదుగా బయటికి వచ్చే బీరు ట్యూబుని నట్టు విప్పి వేరు చేయండి. కొంతమంది కప్లర్ ఉంచేసే పంపు కొడతారు. చాలా కప్లర్లలో వెనక్కి పారకుండా ఒక చిన్న గోళీ ఉంటుంది, అది దారికి అడ్డం పడి నీళ్లు పోవు. వేరు చేసేయడమే సుఖం. నట్టు విప్పగానే లోపల నల్లటి రబ్బరు వాషర్ ఉంటుంది, రూపాయి బిళ్ల కంటే చిన్నది. దాన్ని వెంటనే తీసి ఒక గిన్నెలో వేయండి. అది సింకులో పడి కొట్టుకుపోతే ఆ సాయంత్రానికి బీరు లేనట్టే. ట్యూబు చివర బకెట్‌లో పెట్టండి.

తర్వాత కుళాయి. దాని వెనక కాలర్‌కి చిన్న చిన్న గుంటలుంటాయి. రెంచి ముక్కుని ఒక గుంటలో పెట్టి, మీరు కుళాయికి ఎదురుగా నిలబడి, గడియారం తిరిగే దిక్కుకే తిప్పండి. అవును, ఇది బిగించే వైపు లాగే ఉంటుంది, కానీ ఊడుతుంది. ఆ నట్టు మన వైపు కాకుండా అవతలి వైపు నుంచి బిగుస్తుంది కాబట్టి ఎదురుగా ఉన్నవాళ్లకి అలా తలకిందులుగా కనిపిస్తుంది. ఇది తెలియక నేను మొదటిసారి అరగంట ఎదురు దిక్కుకి తిప్పి, ఊడటం లేదని నూనె కూడా వేశాను. అలా తిప్పడం వల్ల అది ఇంకా బిగుసుకుపోయింది.

కుళాయి తీసిన చోట క్లీనింగ్ సీసా మర బిగించండి. మొదట ఉత్త గోరువెచ్చటి నీళ్లు పోసి పంపు కొట్టండి. బకెట్‌లోకి ముందు పసుపురంగు నీళ్లు, వాటితో పాటు అప్పుడప్పుడు చిన్న చిన్న రేకులు వస్తాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా కొట్టండి. ఇప్పుడు ఆ సీసాలో క్లీనర్ పోసి పంపు కొట్టండి. ట్యూబు నిండాక ఆపి, 20 నిమిషాలు ఉంచాలి. ట్యూబు చివర కిందికి ఉంటే ద్రావణం కారిపోదా అని మీకు అనుమానం రావచ్చు. రెండు నిమిషాలకోసారి కాస్త పంపు కొడుతూ ఉండండి, అంతే. సీసాలో ఉన్నది 32 ఔన్సులు, ట్యూబులో పట్టేది ఒక్క ఔన్సు, కాబట్టి తక్కువపడదు. కొత్త ద్రావణం కదులుతూ ఉంటే ఉత్తినే నానబెట్టిన దానికంటే బాగా వదులుతుంది కూడా.

ఆ 20 నిమిషాల్లో చేతులు ఖాళీగా పెట్టకండి. అసలు మురికి కుళాయిలోనే ఉంటుంది. విప్పే ముందు ఫోన్‌లో ఒక ఫొటో తీసుకోండి. తర్వాత ఒక తెల్ల గుడ్డ పరిచి, ఏ ముక్క ముందు ఊడితే అది ఎడమ పక్క నుంచి వరసగా పేర్చండి: పిడి, దాని కింది కాలర్, వాషర్లు, లోపలి షాఫ్ట్. షాఫ్ట్ చివర ఉన్న రబ్బరుని గోటితో తడమండి, గరుగ్గా ఉన్నా చీలి ఉన్నా మార్చేయండి. ముక్కలన్నీ అదే క్లీనర్ పోసిన కప్పులో వేసి, బ్రష్‌తో ముఖ్యంగా మూతి లోపల, గాలి పోయే చిన్న కన్నంలో తోమండి. బ్రష్‌కి గోధుమరంగు జిగురు వచ్చిందంటే సరైన చోట తోముతున్నట్టు. లోపలి పూత పోయి పసుపు ఇత్తడి కనిపిస్తుంటే ఆ కుళాయికి కాలం తీరింది, స్టెయిన్‌లెస్ స్టీలుది కొనండి. కొంచెం ఖర్చు పెట్టగలిగితే మూతి దగ్గరే మూసుకునే రకం కుళాయి తీసుకోండి. మామూలు రకంలో మూసుకునేది వెనక వైపు, దాంతో ముందున్న గొట్టంలో బీరు తడి ఎండి అట్టకడుతుంది.

కప్లర్‌ని కూడా ఈలోపే కెగ్‌కి తగిలే అడుగు వైపు బాగా తోమి కడగండి. ఆరు నెలలకోసారి పూర్తిగా విప్పి చూస్తే సరిపోతుంది. దాని రబ్బరు రింగులకి వాజలిన్ రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. తినే వస్తువులకి వాడదగ్గ సిలికాన్ గ్రీజు అని విడిగా దొరుకుతుంది, ఒక ట్యూబు కొంటే ఏళ్ల తరబడి వస్తుంది.

20 నిమిషాలయ్యాక మిగిలిన క్లీనర్ అంతా ట్యూబులోంచి తోసేసి, సీసా కడిగి, చల్లటి నీళ్లు నింపి కొట్టండి. ఒక సీసా సరిపోదు, నేను మూడు కొడతాను. చివరికి ఒక పీహెచ్ పట్టీ వంటింటి సింకు కుళాయి నీళ్లలో, ఇంకోటి బకెట్‌లోకి వస్తున్న నీళ్లలో ముంచండి. రెండూ ఒకే రంగు చూపిస్తే పని అయినట్టు. రంగు తేడాగా ఉంటే ఇంకో సీసా. ఈ ఒక్క దాంట్లో మాత్రం కంటిని నమ్మకండి, క్షారం కలిసిన నీళ్లు కూడా తేటగానే ఉంటాయి.

ముక్కలన్నీ మంచి నీళ్లలో కడిగి, ఫొటో చూసుకుంటూ బిగించండి. కుళాయి తగిలించేటప్పుడు విప్పిన దానికి ఎదురు దిక్కు. ట్యూబు నట్టులో నల్ల వాషర్ పెట్టారో లేదో మళ్లీ చూడండి. కప్లర్ పెట్టి, గ్యాస్ తెరిచి, మొదటి అర గ్లాసు పారబోయండి. ఆ అర గ్లాసు దగ్గర పిసినారితనం వద్దు.

మూడు నెలలకోసారి, ఏడాదికోసారి

క్షారానికి లొంగనిది ఒకటుంది, బీర్ స్టోన్. ట్యూబు గోడలకి, స్టీలు ముక్కలకి తెల్లగా, గరుగ్గా పట్టే పొర. రసాయనం పేరు కాల్షియం ఆక్సలేట్. కిడ్నీలో రాళ్లున్నవాళ్లని పాలకూర తగ్గించమంటారే, ఆ ఆక్సలేటే. ఆ గరుకులో బ్యాక్టీరియా దాక్కుంటుంది. అందుకే మూడు నెలలకోసారి క్షారం తర్వాత నీళ్లతో పూర్తిగా కడిగి, ఆ పైన ఆమ్లపు క్లీనర్‌తో ఇదే పని ఇంకోసారి చేయాలి. రెండిటినీ ఎప్పుడూ కలపకూడదు, ఒకే సీసాలో ఒకదాని వెంట ఒకటి కడగకుండా పోయనూకూడదు.

ట్యూబు ఏడాదికోసారి మార్చేయండి. వినైల్ ట్యూబు అడుగు లెక్కన అమ్ముతారు, పెద్ద ఖర్చు కాదు. మొన్నటిదాకా గాజులా ఉన్న ట్యూబు వెలుతురులో పట్టుకుంటే మబ్బుగా కనిపిస్తోందంటే ఏడాది దాకా ఆగక్కర్లేదు. రూట్ బీరు అనే సోడా లాంటి ఘాటు రుచులు పంపిన ట్యూబులోంచి ఆ వాసన ఇక పోదు, దాన్ని వేరుగా పెట్టుకోవాల్సిందే.

ఇంట్లో బీరు కాచుకునేవాళ్లు కార్నీ కెగ్, అంటే మూత తీసి కడగ్గలిగే స్టీలు కెగ్, వాడుతుంటే పని ఇంకా తేలిక. ఖాళీ కెగ్‌లో క్లీనర్ పోసి, గ్యాస్‌తో ట్యూబులోంచి కుళాయి దాకా తోసేయొచ్చు. కెగ్ కూడా అదే దెబ్బకి శుభ్రమవుతుంది. లోపలి పొడవాటి గొట్టం, పైన ట్యూబులు తగిలించే రెండు పోస్టుల్లోని స్ప్రింగు ముక్కలు మాత్రం చేత్తోనే విప్పి తోమాలి.

గ్యాస్ సంగతి

సిలిండర్‌లో ఎంత మిగిలిందో మీటరు చెప్పదు. లోపల ద్రవం ఉన్నంతకాలం ముల్లు ఒకే చోట ఉంటుంది, ద్రవం అయిపోగానే ఒక్కసారిగా పడిపోతుంది. మన ఊళ్లో వంట గ్యాస్ సిలిండర్‌ని ఎత్తి చూసి, ఊపి చూసి అంచనా కట్టేవాళ్లం గుర్తుందా, ఇక్కడా బరువే దిక్కు. సిలిండర్ భుజం మీద టీడబ్ల్యూ అని పక్కన ఒక అంకె కొట్టి ఉంటుంది, అది ఖాళీ బరువు. రెగ్యులేటర్ విప్పి తూచి, అది తీసేస్తే మిగిలిందే గ్యాస్. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కొక్కెం తూకం మనందరి ఇళ్లలో ఉంటుంది కదా, దానికి తగిలించండి. పార్టీ రోజు కాకుండా ముందు వారం తూచుకుంటే టెన్షన్ ఉండదు.

రెగ్యులేటర్ విప్పినప్పుడల్లా దాని వాషర్ చూడండి. బిగించాక గ్యాస్ తెరిచి, సబ్బు నురగ ప్రతి అతుకు మీద రాయండి. బుడగ లేస్తే అక్కడ లీకు. ఈ ఒక్క పని చేయక నేను నిండు సిలిండర్ మూడు రోజుల్లో గాలికి వదిలేశాను. డబ్బు పోతే పోయింది, కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు, మూసి ఉన్న చిన్న గదిలో కింద పేరుకుంటుంది, మనిషికి ప్రమాదం. సిలిండర్‌ని ఎప్పుడూ నిలువుగానే ఉంచండి.

నురగ ఎక్కువ వస్తోందా?

అందరూ మొదట చేసే తప్పు రెగ్యులేటర్ మీద చెయ్యి వేయడం. ప్రెజర్ తగ్గిస్తే బీరులోని గ్యాస్ ట్యూబులోనే విడిపోయి నురగ ఇంకా పెరుగుతుంది. ముందు వేడి చూడండి. ఫ్రిజ్ చూపించే అంకెని నమ్మకుండా, ఒక గ్లాసు నీళ్లు లోపల ఒక రోజంతా ఉంచి థర్మామీటర్ పెట్టండి. 38 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండాలి. ఆ చల్లదనానికి మామూలు ఏల్, లాగర్ రకం బీర్లకి 10 నుంచి 12 పీఎస్ఐ ప్రెజర్ సరిపోతుంది. మొదటి గ్లాసు మాత్రమే నురగగా వచ్చి రెండోది బాగుంటే తప్పు టవర్‌ది, లోపలికి చల్లగాలి తోసే చిన్న ఫ్యాన్ పెట్టించుకోండి. కొత్త కెగ్ కారులో తెచ్చిన రోజే తెరవకండి, ఒక రోజు చల్లబడనివ్వండి. పట్టేటప్పుడు గ్లాసు వాల్చి కుళాయి పూర్తిగా తెరవాలి. సగం తెరిస్తే నురగే.

గ్లాసుల మాటా ఒకటి. పులుసు గిన్నె, వేపుడు మూకుడు తోమిన స్క్రబ్బర్‌తో బీరు గ్లాసు తోమకండి. కనిపించనంత నూనె అంటినా పైనున్న నురగ నిమిషంలో కూర్చుండిపోతుంది. అనుమానం ఉంటే గ్లాసు తడిపి లోపల ఉప్పు చల్లండి. ఉప్పు అంతటా సమంగా అంటుకుంటే శుభ్రం, ఎక్కడ అంటకపోతే అక్కడ జిడ్డు. గ్లాసులకి వేరే స్పాంజి పెట్టాలని మా ఇంట్లో చెప్పి ఒప్పించడానికి కెగరేటర్ కొనడానికి పట్టినంత కాలం పట్టింది.

ట్రేని మాత్రం తాగిన రాత్రే కడిగేయండి, పొద్దున్న చూద్దాంలే అంటే పండ్ల మీద ముసిరే చిన్న ఈగలు ముందు లేస్తాయి. కుళాయి మూతికి పెట్టే రబ్బరు బిరడా ఒకటి కొనుక్కుంటే లోపలికి దూరవు.

ఊరెళ్తున్నప్పుడు

నెలో నెలన్నరో ఇండియా వెళ్తుంటే కెగ్‌ని ట్యూబుతో కలిపి వదిలేయకండి. కప్లర్ తీసి, పైన చెప్పినట్టు మొత్తం కడిగి, ఖాళీ సీసాతో గాలి కొట్టి ట్యూబులోని తడి తోసేయండి. గ్యాస్ వాల్వ్ మూసేయండి. కెగ్‌లో బీరు మిగిలి ఉంటే ఫ్రిజ్ ఆన్‌లోనే ఉండాలి. కెగ్ ఖాళీ అయితే ఫ్రిజ్ ఆపేసి, లోపల చెమ్మ తుడిచి, తలుపు మూసుకోకుండా మధ్యలో ఒక గుడ్డ మడిచి పెట్టండి. తలుపు మూసి వెళ్తే వచ్చేసరికి లోపల బూజు ఉంటుంది. తిరిగొచ్చాక, జెట్‌లాగ్ ఉన్నా సరే, కెగ్ తగిలించే ముందు ట్యూబులో ఒక సీసా క్లీనర్, మూడు సీసాల నీళ్లు పంపండి. కెగ్‌లో మిగిలిన బీరు ఎప్పుడు తెచ్చిందో ఆ తేదీ కూడా చూసుకోండి. పాశ్చరైజ్ చేయనిదైతే, చల్లగా ఉన్నా, రెండు నెలలు దాటిందంటే మొదటి గ్లాసు మీరొక్కరే రుచి చూసి, ఆ తర్వాతే బామ్మర్దిని పిలవండి.